పురుగు ముట్టింది సరే, ఏ పురుగు?

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. జావా కోడు రాసుకుని బతికే సగటు సాఫ్ట్‌వేర్ జీవిని. ఈ టపాలో వైద్యం గురించి ఉన్నదంతా చరిత్ర కోసం రాసింది. నిజంగా కాటు పడిననాడు ఈ టపా వెతుక్కోకండి, 108కి ఫోన్ చెయ్యండి.

మాది కాశిబుగ్గ అని చెప్తే ఆఫీసులో సగం మంది "పలాస దగ్గరదా?" అంటారు. కాదండీ, వరంగల్ కాశిబుగ్గ. ఆ కాశిబుగ్గ వాళ్ళు ఇంకొంచెం తూర్పుకి పోతే సముద్రం. మాకు పక్కన ఏనుమాముల మార్కెట్టు, దాని చుట్టూ మిర్చి బస్తాలు, పత్తి బండ్లు. అక్కడి జాలరికి వల దులిపేటప్పుడు టేకు చేప ముల్లు దిగుతుంది. ఇక్కడి రైతుకి పత్తి చేనులోనో వరి మడిలోనో పాము కరుస్తుంది. రెండూ విషమే. కానీ రెండిటి వైద్యానికీ పొంతన లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య మా టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగింది. "ఏ విషమైనా సరే, వేడినీళ్ళలో గంటసేపు పెడితే విరిగిపోతుంది, పది మందికి పంపండి" అని. ఇందులో సగం నిజం ఉంది, అదే అసలు ప్రమాదం. ఆ సగం నిజం ఎక్కడిదో, మిగతా సగం ఎందుకు అబద్ధమో చూద్దామని పుస్తకాలు తిరగేస్తే కథ తిరిగి తిరిగి మన విశాఖపట్నంలో తేలింది. అందుకే ఈ టపా.

ముందు చేప సంగతి. స్టింగ్‌రే అంటే చాటలాగా పలచగా, కొరడాలాంటి తోకతో ఉండే చేప. మన కోస్తాలో టేకు అంటారు, టెంకు అంటారు. తోక మీద రంపపు పళ్ళున్న ముల్లు ఉంటుంది. పాముకున్నట్టు విషానికి విడిగా తిత్తి, కోరలోంచి పోయే గొట్టం దీనికి లేవు. ముల్లు మీద పలచని చర్మపు తొడుగు ఉంటుంది, విషం పుట్టే కణాలు ఆ తొడుగులోనే ఉంటాయి. ముల్లు దిగగానే తొడుగు చిరిగి విషం గాయంలో కలిసిపోతుంది. ఇసుకలో కప్పుకుని పడుకున్న చేప మీద మనం కాలేస్తే అది తోక విసురుతుంది, అంతే. మన మీద దానికి పగేం లేదు.

ఈ ముల్లు చరిత్రలో ఒక పెద్ద పేరున్న మనిషిని పట్టుకుంది. 1608లో అమెరికాలోని చెసపీక్ అఖాతంలో కెప్టెన్ జాన్ స్మిత్ కత్తితో చేపలు పొడుస్తుంటే ఒక టేకు చేప ఆయన మణికట్టులో ముల్లు దింపింది. చెయ్యి, భుజం వాచిపోయి, ఇక బతకడనుకుని తోటివాళ్ళు గొయ్యి కూడా తవ్వేశారట. వాళ్ళతో వచ్చిన డాక్టరు ఏదో నూనె రాశాడు. సాయంత్రానికి నొప్పి తగ్గింది. స్మిత్ గారు అదే చేపని వండించుకుని తిన్నారు. ఆ చోటుని ఇప్పటికీ స్టింగ్‌రే పాయింట్ అంటారు. ఆ డాక్టరు పేరు వాల్టర్ రస్సెల్. ఈ ఇంటిపేరు గుర్తు పెట్టుకోండి, ఇంకో రస్సెల్ రాబోతున్నాడు.

నూనె వల్ల తగ్గిందా అంటే అనుమానమే. టేకు ముల్లు నొప్పి మొదటి గంట, గంటన్నరలో తారస్థాయికి పోయి, తర్వాత గంటల మీద దానంతటదే దిగుతుంది. ఈలోపు ఏం రాసినా ఆ పేరు దానికే వస్తుంది. మంత్రగాళ్ళకి పేరొచ్చేదీ ఇలాగే, ఆ సంగతి కూడా కిందకొస్తుంది.

ఇవాళ్టి వైద్యం చాలా సింపుల్. ఓర్చుకోగలిగినంత వేడిగా, అంటే 45 డిగ్రీలు దాటకుండా ఉన్న నీళ్ళలో గాయమైన కాలో చెయ్యో 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచడం. దాని విషంలో ప్రోటీన్లు వేడికి చెడిపోతాయని ఒక వివరణ, నొప్పి నరాల మీద వేడి పనిచేస్తుందని ఇంకో వివరణ. ఏదైనా ఉపశమనం మాత్రం ఉంటుంది. తర్వాత గాయంలో ముల్లు ముక్కలు మిగిలాయేమో ఎక్స్‌రే తీసి చూడటం, టెటనస్ ఇంజెక్షన్, అవసరమైతే యాంటీబయాటిక్స్. ఛాతీలోనో పొట్టలోనో మెడలోనో దిగిన ముల్లుని మాత్రం అక్కడే పీకకూడదు, ఆస్పత్రిలో సర్జనే తియ్యాలి. 2006 సెప్టెంబరు 4న ఆస్ట్రేలియాలో స్టీవ్ ఇర్విన్ చనిపోయింది విషం వల్ల కాదు, ముల్లు గుండెలో దిగడం వల్ల.

జాతులని బట్టి తేడాలు ఇందులోనూ ఉన్నాయి. దక్షిణ అమెరికా నదుల్లో పొటమోట్రైగాన్ అనే మంచినీటి టేకు చేపలుంటాయి. అవి పొడిస్తే గాయం చుట్టూ మాంసం కుళ్ళిపోవడం సముద్రపు చేపల కంటే ఎక్కువ. 2007లో బ్రెజిల్ వాళ్ళు ముళ్ళని కోసి మైక్రోస్కోపులో చూస్తే, సముద్రపు చేపల్లో విషకణాలు ముల్లు కింది గాడుల దగ్గర ఉంటే, మంచినీటి వాటిలో ముల్లంతా పరుచుకుని ఉన్నాయి. ఐనా మొదటి చికిత్స మారదు. ఏ టేకు పొడిచిందో తెలీకపోయినా వేడినీళ్ళు పెట్టొచ్చు. స్టింగ్‌రే విషానికి విరుగుడు మందు అని బజార్లో ఏదీ లేదు, దాదాపు అవసరం పడలేదు కూడా.

ఎందుకంటే ఆ చేప విషం ఆత్మరక్షణకి. శత్రువుకి నొప్పి పుట్టించి తరిమేస్తే చాలు. అన్ని శత్రువులకీ నొప్పి ఒకటే. పాము విషం సంగతి వేరు. అది తిండి సంపాదించుకునే పనిముట్టు. ఎలకని తినే పాముకో రకం, ఇంకో పాముని మింగే పాముకో రకం, కప్పల మీద బతికేదానికో రకం. అందుకే పాము మారితే విషం మారుతుంది, ఒకే జాతిలో ఊరు మారినా, వయసు మారినా కూడా మారుతుంది. ఇక్కడ వేడినీళ్ళు పెడితే లోపలికి పోయిన విషం ఏమీ కాదు, పైన చర్మం ఉడుకుతుంది, ఆస్పత్రికి పోయే గంట వృథా అవుతుంది. ఫార్వర్డ్‌లోని రెండో సగం అబద్ధం ఇదన్నమాట.

ఇప్పుడు విశాఖపట్నం. 1781లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టరు అక్కడికి వచ్చాడు. వయసు యాభై దాటింది. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో చాలా ఏళ్ళు పనిచేసి, ప్లేగుని కళ్ళారా చూసినవాడు. తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగి, విశాఖపట్నం అధికారి. తమ్ముడికి తోడుగా వచ్చిన మనిషికి ఇక్కడి మొక్కలు, చేపలు, పాములు కనిపించాయి. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ చనిపోతే ఆ ఉద్యోగం ఈయనకిచ్చారు. 1789లో ఇంగ్లండ్ తిరిగి వెళ్ళేటప్పుడు ఆ కుర్చీ విలియం రాక్స్‌బర్గ్‌కి దక్కింది. కోరమండల్ మొక్కల మీద పుస్తకం రాసిన రాక్స్‌బర్గ్ ఈయనే.

రస్సెల్ రెండు పెద్ద పనులు చేశాడు. 1796లో కోరమండల్ తీరపు పాముల మీద బొమ్మలతో పుస్తకం మొదటి భాగం వేయించాడు. 1803లో విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల మీద ఇంకోటి. రెండిట్లోనూ నాకు ముచ్చటేసింది ఒకటే. లాటిన్ పేర్ల కోసం తంటాలు పడకుండా, స్థానికులు ఏమంటే అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అంటే మన తెలుగు పేర్లు!

చేపల పుస్తకం తెరిస్తే మొదట్లోనే "టెమెరీ", "నల్ల టెమెరీ" కనిపిస్తాయి. ముట్టుకుంటే కరెంటు కొట్టే ఎలక్ట్రిక్ రే చేప అది. ముట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది కాబట్టి తిమ్మిరి! కరెంటు అనే మాట మనకి రాకముందే జాలర్లు దాని లక్షణాన్ని పేరులో పెట్టేశారు. తర్వాత వరసగా టెంకీలు. అందులో "వోల్గా టెంకీ" అనే చిన్న టేకు చేపకి 1841లో జర్మన్ శాస్త్రవేత్తలు ముల్లర్, హెన్లే శాస్త్రీయ నామం పెట్టేటప్పుడు ఆ మాటే వాడుకున్నారు. ఇప్పుడు దాని పేరు బ్రెవిట్రైగాన్ వాల్గా. మన తీరపు జాలరి నోటిమాట ఇంకా బతికే ఉంది.

పాముల పుస్తకం ఇంకా గొప్పది. అందులో ఒక పాము పేరు "కాటుక రేకుల పొడ". ఒంటి మీద కాటుక దిద్దిన రేకుల్లాంటి పొడలున్న పాము. ఇంతకంటే సరైన వర్ణన ఏ జువాలజీ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. మనం పొడపాము అనే ఆ పాముకి 1797లో షా, నోడర్ అనేవాళ్ళు రస్సెల్ పేరు పెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా రస్సెల్స్ వైపర్ అంటోంది. పాము పేరులో దొర మిగిలాడు, కాటుక రేకులు రాలిపోయాయి. "బంగారం పామా" అని ఇంకోటుంది, పసుపు నలుపు పట్టీల పాము. దీన్ని పట్టుకుని 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ కట్లపాముల కుటుంబం మొత్తానికి బంగారస్ అని పేరు పెట్టాడు. మన బంగారమే! ఈ బంగారం కథ ఇంతటితో అయిపోలేదు, ఇంకా ఉంది.

రస్సెల్ ఈ పనికి పూనుకున్నది పాముల మీద ప్రేమతో కాదు. ఏ పాముకి విషముంది, ఏ పాముకి లేదు అన్నది జనానికి తేల్చి చెప్పాలని. రంగుని నమ్మలేం, తల ఆకారాన్ని నమ్మలేం, నోరు తెరిచి కోరలు చూడాల్సిందే అన్నాడు. పట్టిన పాములతో కోళ్ళని, కుక్కలని కరిపించి ఎంతసేపట్లో ఏమవుతుందో రాసుకున్నాడు. ఇప్పుడు చదివితే ఆ కుక్కల మీద జాలేస్తుంది. కానీ నాగుపాము తర్వాత అంత ప్రమాదకరమైనది కాటుక రేకుల పొడే అని తేలింది ఆ ప్రయోగాల్లోనే.

ఆ రోజుల్లో దక్షిణాదిలో తంజావూరు మాత్రలకి మహా పేరుండేది. పాషాణం కలిపిన మాత్రలు. పాము కాటుకి రామబాణమని కంపెనీ దొరలూ నమ్మేవారు. రస్సెల్ వాటిని కూడా జంతువుల మీద పరీక్షించి, ఇది నమ్మదగ్గ విరుగుడు కాదని తేల్చాడు. మందు తన దగ్గరా లేదు. లేని మందుని ఉందని చెప్పలేదు, అంతే. టెస్టింగ్ టీమ్ వాళ్ళకి ఈయన బాగా నచ్చుతాడు :)

తర్వాత దాదాపు వందేళ్ళు మందు లేదు. 1872లో కలకత్తా సర్జన్ జోసెఫ్ ఫేరర్ భారతదేశపు విషసర్పాల మీద భారీ పుస్తకం వేశాడు. ఎన్నో మందులు పరీక్షించి, ఏదీ పనిచెయ్యదన్నాడు. అసలు మలుపు 1894లో వచ్చింది. వియత్నాంలోని సైగాన్‌లో నాగుపాముల మీద పనిచేసి పారిస్ తిరిగెళ్ళిన ఆల్బర్ట్ కాల్మెట్, అదే ఏడాది విడిగా ఫిసాలి, బెర్త్రాన్, ఒక విషయం పట్టుకున్నారు. విషాన్ని కొంచెం కొంచెంగా జంతువుకి ఎక్కిస్తే దాని రక్తంలో విరుగుడు తయారవుతుంది, ఆ రక్తరసాన్ని ఇంకో జంతువుకి ఎక్కిస్తే అదీ బతుకుతుంది. ఇదే యాంటీవెనమ్. ఇప్పటికీ దారి అదే. గుర్రానికి విషం ఎక్కించి, దాని రక్తంలోంచి మందు తీస్తున్నాం.

కాల్మెట్ ఇక్కడ ఒక అడుగు ఎక్కువేశాడు. నాగుపాము విషంతో చేసిన తన సీరం అన్ని పాములకీ పనిచేస్తుందన్నాడు. ఒక్క మందు, సర్వరోగ నివారిణి. ఆస్ట్రేలియాలో సి.జె. మార్టిన్ అక్కడి పాముల మీద పరీక్షించి కాదన్నాడు. బ్రెజిల్‌లో విటాల్ బ్రజిల్ తన దేశపు పాములతో చూసి, ఏ పాము విషానికి ఆ పాము విషంతో చేసిన మందే కావాలన్నాడు. మన దేశంలో ఆ పని చేసింది జార్జ్ లాంబ్. 1900 తర్వాతి తొలి ఏళ్ళలో ఆయన పరీక్షిస్తే కాల్మెట్ సీరం నాగుపాము విషానికి అడ్డుపడింది, పొడపాము విషం ముందు చేతులెత్తేసింది. రస్సెల్ విడివిడిగా బొమ్మ గీయించిన రెండు పాములు, మందు దృష్టిలో కూడా రెండు వేరువేరు శత్రువులే అని తేలింది. మన భాషలో చెప్పాలంటే యాంటీవైరస్ ఉంది, కానీ ఆ వైరస్ సిగ్నేచర్ అందులో లేదు.

1905లో హిమాలయాల్లో కసౌలి దగ్గర పెట్టిన కేంద్ర పరిశోధన సంస్థలో నాగుపాము, పొడపాము రెండిటికీ పనిచేసే మందు చేశారు. తర్వాత కొన్ని దశాబ్దాలకి బొంబాయి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు దానికి కట్లపాముని, ఇసుక పింజరని కలిపి నాలుగు పాముల మందు తెచ్చారు. ఇవాళ ఎంజీఎం నుంచి ఊరి పీహెచ్‌సీ దాకా ఎక్కించేది ఈ నాలుగు పాముల మందే. దాన్ని తయారుచేసే కంపెనీల్లో ఒకటి, విన్స్ బయోప్రొడక్ట్స్, మన హైదరాబాదుదే.

నాలుగూ కలిపేశారు కదా, ఇక ఏ పాము కరిస్తే ఏంటి అనుకోవచ్చు. అక్కడే ఉంది తిరకాసు. ఒక్కో పాము శరీరాన్ని ఒక్కో చోట కొడుతుంది.

పొడపాము, ఇసుక పింజర రక్తాన్ని పట్టుకుంటాయి. గడ్డకట్టే సరుకంతా ఖర్చైపోయి, చిగుళ్ళలోంచి, మూత్రంలో రక్తం పోతుంది. పొడపాము ఐతే కిడ్నీలు కూడా దెబ్బతింటాయి. దీన్ని కనుక్కోవడానికి పెద్ద మెషీన్లేం అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిందంటే రక్తం మీద పనిచేసే విషమే అని గుర్తు. ఏ చిన్న ఆస్పత్రిలోనైనా చేసుకునే పరీక్ష ఇది.

నాగుపాము, కట్లపాము నరాలని పట్టుకుంటాయి. కానీ రెండిటికీ మళ్ళీ తేడా. నరం చివర కండరానికి ఎసిటైల్‌కోలిన్ అనే మెసేజ్ వెళ్తుంది కదా, నాగుపాము విషం ఆ మెసేజ్ అందుకునే చోట అడ్డం కూర్చుంటుంది. కట్లపాము విషం ముఖ్యంగా పంపే చోటునే ధ్వంసం చేస్తుంది. అందుకే మెసేజ్‌ని పెంచే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ నాగుపాము కాటుకి బాగా సాయపడుతుంది, కట్లపాముకి పెద్దగా ఉపయోగం ఉండదు. సర్వర్ బిజీగా ఉంటే రిక్వెస్టులు ఎక్కువ పంపి చూడొచ్చు, పంపే క్లయింటే కాలిపోతే ఏం చేస్తాం? నరం చివర మళ్ళీ చిగురించే దాకా, రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఊపిరి ఆడించాల్సిందే.

మా అమ్మ తరఫు బంధువు ఒకాయనకి ఇదే జరిగింది. వానాకాలం, ఇంట్లో కింద చాప మీద పడుకున్నాడు. తెల్లారుజామున కడుపునొప్పి అని లేస్తే ఇంట్లోవాళ్ళు వాము నమిలించారు. కాటు గుర్తు లేదు, వాపు లేదు. పొద్దెక్కేసరికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దైంది. అప్పటికి గానీ ఎవరికీ పాము ఆలోచన రాలేదు. ఐదు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బయటపడ్డాడు. కట్లపాము కాటు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. రాత్రిపూట, కింద పడుకున్నవాళ్ళకి, చీమ కుట్టినంత నొప్పి కూడా లేకుండా.

ఇక్కడ ఆ బంగారం కథ. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడి కట్లపాము విషంలోంచి రెండు పదార్థాలు వేరుచేసి, ఆల్ఫా బంగరోటాక్సిన్, బీటా బంగరోటాక్సిన్ అని పేర్లు పెట్టారు. ఆల్ఫా మెసేజ్ అందుకునే చోటుని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, 1970లో ఆ చోటు అసలు ఏమిటో, అంటే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్‌ని, దాన్నే గాలంగా వాడి పట్టుకున్నారు. ఈ రోజు ప్రపంచంలో ఏ నరాల ప్రయోగశాలకి పోయినా ఫ్రిజ్‌లో బంగరోటాక్సిన్ ఉంటుంది. దాని మీద రాసున్న మాట ఉత్తరాంధ్ర తీరంలో ఎవరో రస్సెల్‌కి చెప్పిన మాట. కాటుక రేకుల పొడ కూడా తక్కువేం తినలేదు. రక్తం గడ్డకట్టే తీరులో ఒక రకం లోపాన్ని కనిపెట్టడానికి ఇవాళ్టి ల్యాబుల్లో చేసే ఒక పరీక్షకి పొడపాము విషమే ముడిసరుకు.

ఇక లెక్క చూద్దాం, ఇంజనీర్లం కదా. మన మందు 1 మిల్లీలీటరు, పొడపాము విషం 0.6 మిల్లీగ్రాములని విరిచేస్తుంది. ఒక వయల్ 10 మిల్లీలీటర్లు, అంటే 6 మిల్లీగ్రాములు. పొడపాము ఒక కాటులో వదిలేది సగటున 63 మిల్లీగ్రాములని లెక్క. అందుకే మొదటి డోసు 8 నుంచి 10 వయల్స్. పిల్లలకీ అంతే డోసు, తగ్గించరు. చిన్నపిల్లాడని పాము తక్కువ విషం వదలదు కదా. ఒకటి రెండు వయల్స్ ఎక్కించి పంపేస్తే ఎందుకు సరిపోదో ఈ చిన్న గుణకారం చెప్తుంది.

ఈ లెక్కలో ఒక పెద్ద ఊహ దాగుంది. మందు తయారీకి వాడిన విషం, మన చేలో పాము వదిలిన విషం ఒకటేనని. మన దేశంలో మందుకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర ఇరుల తెగ వాళ్ళ సహకార సంఘం నుంచి వస్తోంది. 1978లో రోములస్ విటేకర్ పూనుకుని పెట్టించిన సంఘం అది. తోళ్ళ వ్యాపారం నిషేధించాక బతుకు పోయిన పాములవాళ్ళకి బతుకునిచ్చి, లక్షల ప్రాణాలు కాపాడిన సంఘం. వాళ్ళు పట్టేది వాళ్ళ చుట్టుపక్కల పాములనే. బెంగళూరు ఐఐఎస్‌సీలో కార్తీక్ సునాగర్ బృందం వేరువేరు రాష్ట్రాల పాముల విషాలతో ఈ మందుని పరీక్షిస్తే, కొన్ని ప్రాంతాల విషాల మీద అది బాగా బలహీనంగా ఉందని తేలింది. నాలుగు పాముల లిస్టులో లేని జాతుల మీద మరీ ఘోరం. కాల్మెట్ కాలంలో జాతి జాతికీ తేడా అన్నారు, ఇప్పుడు జిల్లా జిల్లాకీ తేడా అంటున్నారు.

అలాగని మందు మానెయ్యమని కాదు. ఉన్నంతలో ప్రాణం నిలబెట్టేది అదొక్కటే. 2024లో అమెరికా స్క్రిప్స్ సంస్థ, మన ఐఐఎస్‌సీ కలిసి ల్యాబులో తయారుచేసిన ఒక యాంటీబాడీ నాగుపాము, కట్లపాము, ఆఫ్రికా మాంబా కుటుంబాలకి ఉమ్మడిగా ఉండే ఒక రకం నరాల విషాన్ని ఎలుకల్లో అడ్డుకుంది. కాల్మెట్ కల ఇంకో రూపంలో మొదలైనట్టే. ఐతే పొడపాము ఇంకా దాని లిస్టులో లేదు.

మన సంగతికొస్తే, 2001 నుంచి 2003 దాకా మరణాలని ఇంటింటికీ తిరిగి అడిగి చేసిన సర్వే 2011లో అచ్చైంది. పాము కాటు చావుల రేటులో దేశంలో మొదటి స్థానం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది, లక్షకి 6.2. చనిపోయినవాళ్ళలో 97 శాతం పల్లెటూరి వాళ్ళు. ఎక్కువమంది 15 నుంచి 29 ఏళ్ళ మధ్యవాళ్ళు, అంటే మన వయసువాళ్ళు. మనం ఏసీలో కూర్చుని ప్రొడక్షన్ ఇష్యూలని ఏడుస్తున్న వయసులో, మన క్లాస్‌మేట్ ఒకడు రాత్రి కరెంటిచ్చినప్పుడు మోటరేసి రావడానికి చీకట్లో ఒడ్డు మీద నడుస్తున్నాడు. ఇంకో అంకె, ఆస్పత్రిలో చనిపోయినవాళ్ళు 23 శాతమే. మిగతావాళ్ళు దారిలోనో, ఇంట్లోనో, మంత్రగాడి వాకిట్లోనో పోయారు. 2020లో వచ్చిన ఇంకో లెక్క ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో పాము కాటుకి పోయినవాళ్ళు 12 లక్షలు. 2024 మార్చిలో కేంద్రం 2030 కల్లా ఈ చావులని సగానికి తగ్గిస్తామని కార్యాచరణ ప్రకటించింది, అదే ఏడాది నవంబరులో పాము కాటుని తప్పనిసరిగా రిపోర్టు చెయ్యాల్సిన కేసుగా ప్రకటించమని రాష్ట్రాలని కోరింది.

మంత్రం సంగతి. పసరు పోశాడు, మంత్రం వేశాడు, బతికాడు అని ప్రతి ఊళ్ళో ఒక కథ ఉంటుంది. కథలో మనిషి బతికింది నిజమే. మన పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. విషమున్నవి కూడా కొన్నిసార్లు విషం వదలకుండా ఉత్తి కాటు వేస్తాయి. అలాంటి వాళ్ళకి మంత్రం వేసినా, కోడిపిల్లని అంటించినా, జాన్ స్మిత్‌కి రాసిన నూనె రాసినా బతుకుతారు. పేరు మంత్రానికొస్తుంది. నిజంగా విషమెక్కినవాడు పోతే ఆయుష్షు తీరిందంటారు. తంజావూరు మాత్రల కథ కూడా ఇదే.

మా దిక్కు ఒక అలవాటుంది. రాత్రిపూట పాము పేరెత్తరు. కరిచినా "పురుగు ముట్టింది" అనే అంటారు. పేరెత్తితే వస్తుందని భయం. అదే జనం ఇంకోపక్క కాటుక రేకుల పొడ అని, తిమ్మిరి అని అంత నిశితంగా చూసి పేర్లు పెట్టారు. నాకైతే రెండోదే మన అసలు సంప్రదాయం అనిపిస్తుంది. ఐతే ఈ పేర్లతో చిక్కూ ఉంది. రక్తపింజర అంటే ఒక జిల్లాలో పొడపాము, ఇంకో జిల్లాలో ఇసుక పింజర. రెండు వేరు పాములకి ఒకే వేరియబుల్ నేమ్ పెట్టినట్టు. అందుకే డాక్టర్లు పేరు కంటే లక్షణాలని నమ్ముతారు. రెప్పలు వాలుతున్నాయా, రక్తం గడ్డకడుతోందా, వాపు ఎంత వేగంగా పాకుతోంది, ఇవీ వాళ్ళు చూసేవి. కాబట్టి పాముని చంపి సంచిలో వేసుకుని తీసుకెళ్ళే పని పెట్టుకోకండి, రెండో మనిషికి కాటు పడుతుంది. కట్టు గట్టిగా బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. కాలు విరిగితే ఎలా కదలకుండా కడతామో అలా కట్టి, నడిపించకుండా బండెక్కించడమే.

ఈ పండక్కి ఊరికి పోయినప్పుడు ఇంట్లోవాళ్ళకి రెండు ముక్కలు చెప్పి రండి. కింద పడుకునేవాళ్ళకి దోమతెర కట్టమని, చేనుకి పోయేవాళ్ళకి టార్చిలైటు, బూట్లు కొనిచ్చి. మన జీతాల్లో అదెంత. అలాగే మీ ఊళ్ళో పెద్దవాళ్ళు ఏ పాముని ఏమని పిలుస్తారో అడిగి, జిల్లా పేరుతో సహా కింద రాయండి. రస్సెల్ తీరం వెంబడి పేర్లు రాసుకున్నాడు గానీ మా ఓరుగల్లు దాకా రాలేదు. మా దిక్కు పేర్లు ఎవరో ఒకరం రాసి పెట్టుకోవాలి కదా.